మా ఇంట్లో నడక మీద నిషేధం

పోయిన వారం నేనేం చేశానో చెబితే మీరు నా పక్కన కూర్చోవడం మానేస్తారు. ఒక ఆడపిల్లని ఇంట్లో పెట్టి ఆదివారం దాకా అడుగు కదపనివ్వలేదు. అవునండీ, నేనే. ఆడదాని కాళ్ళకి ఈ సంకెళ్ళేమిటని పత్రికల్లో పేజీలకు పేజీలు రాసే నేనే. ఆ ఆడపిల్ల నా మనవరాలు తన్వి. మొన్ననే ఏడాది నిండింది.

మా అమ్మాయి లావణ్య సెలవు అయిపోయి మళ్ళీ బ్యాంకులో చేరింది. పొద్దున్నే తాడేపల్లిగూడెంలో రైలెక్కి ఏలూరు వెళ్ళడం, చీకటి పడ్డాక రావడం. వెళ్ళేముందు గేటు దగ్గర రోజూ ఏడుపు. ఏడ్చేది బిడ్డ కాదు, తల్లి.

"ఇది మొదటి అడుగు వేస్తుంటే నేను చూడాలమ్మా. అదీ దక్కకపోతే నాకీ ఉద్యోగమే వద్దు."

"నువ్వు లేకుండా దాన్ని అడుగు వెయ్యనిస్తానా? ముందు రైలందుకో" అన్నాను. ఆడదానికి సొంత సంపాదన ఎందుకుండాలో ఉపన్యసించే టైము లేదు మరి.

మంగళవారం వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. కుర్చీ పట్టుకుని నిలబడ్డ తన్వి చెయ్యి వదిలేసి, తాగినవాడిలా ఊగుతూ వచ్చి నా చేతిలో చిక్కుడుకాయ లాక్కుంది. నేను పెట్టిన కేకకి మా ఆయన గ్యాసు లీకయిందనుకుని సిలిండర్ కట్టేశారు. నా పిల్లలిద్దరి మొదటి అడుగులూ మా అత్తగారే చూసింది. అప్పుడు నేను బళ్ళో ఎవరి పిల్లలకో ఎక్కాలు చెబుతున్నాను. ఇన్నేళ్ళకి నా వంతొచ్చింది. ఆ ఊపులో గుండుగొలనులో ఉన్న వియ్యపురాలికి ఫోన్ కొట్టేశాను.

"ఎంత చల్లని మాట చెప్పారండీ వదినగారూ. ఆదివారం అరిసెలు వండుకుని వచ్చేస్తానండీ" అందావిడ.

అడుగులు వచ్చిన పిల్లని అరిసెల మీద నడిపించి, అవి నలుగురికీ పంచడం మా వైపు ఆనవాయితీ. కాళ్ళ కింద పెట్టింది తినడమేమిటని ఒకప్పుడు వెక్కిరించేదాన్ని. అప్పుడు నాకు మనవరాలు లేదు, షుగరూ లేదు.

ఫోన్ పెట్టేశాక లావణ్య గుర్తొచ్చింది. తర్వాత బుర్ర పనిచేసింది. రోజూ అమ్మాయి వచ్చేసరికి పిల్ల నిద్రపోతుంది, ఆదివారమైతే పగలంతా ఇంట్లోనే ఉంటుంది. అప్పుడు నడిస్తే అదే మొదటి అడుగు. అందాకా పిల్లని నేల మీద దింపకపోతే సరి. వియ్యపురాలి నోరు కట్టాలన్న సంగతి మాత్రం తట్టలేదు.

ఇక చూడండి నా పాలన. ఉయ్యాల, చంక, ఒడి, మళ్ళీ చంక. కొత్తగా కాళ్ళొచ్చిన పిల్ల ఊరుకుంటుందా? గింజుకుని, వెనక్కి వాలి, వీధి చివరికి వినిపించేలా ఏడ్చేది.

"పాపం, దింపవే" అన్నారు మా ఆయన.

"ఆదివారం దాకా కుదరదు."

"ఏ చట్టం కిందో?"

"మీరు పేపరు చదువుకోండి."

శనివారం లావణ్య ఇంటికొచ్చి బ్యాగు కూడా దించకుండా కుర్చీలో కూలబడింది. "మా ఆఫీసులో ఒకావిడ కొడుకు పదో నెలకే నడిచాడటమ్మా. ఇది ఇంకా కదలడం లేదు. నేను దగ్గర లేకే ఇలా వెనకబడిపోతోంది. సోమవారం వెళ్ళి మానేస్తానని చెప్పేస్తాను."

ఏ ఉద్యోగం నిలబెట్టాలని ఇదంతా చేశానో, ఆ ఉద్యోగానికే ఎసరు పెట్టానన్నమాట. అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా? "రేపు నడుస్తుందిలే, నాకెందుకో అనిపిస్తోంది" అని సోదెమ్మలా పలికాను.

ఆదివారం వియ్యపురాలు స్టీలు డబ్బాతో దిగింది. తువ్వాలు పరిచి అరిసెలు పేర్చింది. పిల్లని దింపాం. అది హాయిగా కూలబడి, ఎత్తుకోమని నాకేసి రెండు చేతులూ చాచింది. అంత బాగా తయారుచేశాను దాన్ని.

లావణ్య కళ్ళు నిండాయి. వియ్యపురాలు పాపం ధైర్యం చెప్పబోయింది.

"బెంగపడకమ్మా. మంగళవారం చక్కగా నడిచిందట కదా. అవునా అండీ వదినగారూ?"

లావణ్య నాకేసి తిరిగింది. ఇక మొత్తం కక్కేశాను.

"అంటే మంగళవారం నుంచీ పిల్లని నడవకుండా పట్టుకు కూర్చున్నావా?"

"నీ ఉద్యోగం కోసమేనే..."

"నీ మంచికే అని ఎవరైనా అంటే వాళ్ళని ఉతికి ఆరేస్తూ వ్యాసాలు రాస్తావు కదమ్మా నువ్వు."

వియ్యపురాలు నా తరఫున, మా ఆయన పిల్ల తరఫున మాట్లాడటం మొదలెట్టారు. అందరం వాదనలో ఉండగా దాన్ని పట్టుకునేవాళ్ళు లేకపోయారు. లేచింది. ఒక అరిసెని తొక్కి, ఇంకోదాన్ని తన్ని, గదంతా దాటి డబ్బా దగ్గరికి పోయి మూత లాగింది.

లావణ్య చూస్తూ ఉండిపోయింది. "ఎవరూ పిలవకుండానే వెళ్ళింది" అంది మెల్లగా. "నేను లేకపోయినా నడిచిందన్నమాట." ఈసారి ఆ మాట ఏడుస్తూ అనలేదు. తొక్కిన అరిసె తీసుకుని సగం కొరికింది.

సోమవారం మామూలు రైలుకే బయల్దేరింది. గేటు దగ్గర ఏడుపు లేదు. పిల్ల చెవిలో మాత్రం, నాకు వినపడేలా, "అమ్మలూ, అమ్మమ్మ మళ్ళీ పట్టుకుంటే కొరికెయ్" అని చెప్పి వెళ్ళింది.

ఇన్నేళ్ళుగా ఆడపిల్లల్ని తిరగబడమని రాస్తున్నాను, ఒక్కరైనా విన్న దాఖలా లేదు. ఇది ఆ పూటే వింది. కాస్త ఆ టీ కప్పు ఇటు ఎడంచేతికి ఇవ్వండి, కుడిచెయ్యి ఇంకా వాచే ఉంది.