చెవుల మేస్త్రి వినని ఈల

మేస్త్రికి అసలు పేరొకటి ఉందన్న సంగతి ఇంట్లోవాళ్లు కూడా మరిచిపోయినట్టే. ముప్పై ఐదేళ్లు కార్ల షెడ్డులో పనిచేసి, బానెట్ ఎత్తకుండానే ఇంజను రోగం చెప్పేవాడని అందరూ ఆయన్ను చెవుల మేస్త్రి అనేవారు. పాత కారు కొనేవాళ్లు ముందు ఆయన్ను వెంటబెట్టుకెళ్లేవారు. ఆయన కళ్లు మూసుకుని రెండు నిమిషాలు విని "తీసుకో" అనో "వదిలెయ్" అనో అనేవాడు. ఆ మాటకు తిరుగులేదు.

ఏడాదిగా ఆ చెవులే ఆయన్ను మోసం చేస్తున్నాయి. మొదట సెల్‌ఫోను అలారం వినిపించడం మానేసింది. తర్వాత మనవరాలి గుసగుసలు. లావు గొంతులూ ఇంజను గుడగుడలూ బాగానే అందుతాయి. సన్నటి శబ్దాలే ఎటు పోతున్నాయో తెలియదు. ఎవరికీ చెప్పలేదు. చెవుల మేస్త్రికి చెవుడంటే నలుగురూ నవ్విపోరూ?

అలాంటి సమయంలో చెల్లెలు ఫోన్ చేసింది. ఆవిడ బడిలో హెడ్ మిస్ట్రెస్. భర్తకు తుంటి ఆపరేషన్ అయింది. ఇంట్లో ఉన్న చిన్న కారులోకి ఆయన వంగి కూర్చోలేకపోతున్నాడు.

"ఎత్తుగా ఉండే పెద్ద కారొకటి చూశానన్నయ్యా. ఖరీదైన కంపెనీదే. ఏడేళ్లు వాడారట. కొత్తది మనవల్ల అవుతుందా? నువ్వొచ్చి విని సరేనంటే చాలు."

'విని' అన్న మాటకే మేస్త్రి భయపడ్డాడు. అయినా వస్తానన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ పాత కార్ల అమ్మకందారు దగ్గరికి వెళ్లారు. తెల్లటి బండి అద్దంలా మెరుస్తోంది. మేస్త్రి ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. వెచ్చగా తగిలింది.

"అప్పుడే ఎవరు స్టార్ట్ చేశారండీ?"

"కడగడానికి పక్కకి తీశామండీ, అంతే," అన్నాడు అమ్మకందారు నవ్వుతూ.

"వేడి మీదున్న ఇంజను తప్పులు దాచేస్తుంది. చల్లారేదాకా కూర్చుంటాం."

చల్లారడానికి రెండు గంటలు పట్టింది. ఆలోపు కళ్లకూ వేళ్లకూ పని చెప్పాడు. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద మరకలున్నాయేమోనని చూశాడు. తలుపుల సందులు నాలుగువైపులా సమానంగా ఉన్నాయో లేదో వేలితో తడిమాడు. స్టెపినీ కింద తుప్పు లేదు. నీళ్లలో మునిగిన బండీ కాదు, గుద్దుకున్న బండీ కాదు. కనపడేవన్నీ చూశాడు, ఇక వినాల్సిందే మిగిలింది.

తాళం తిప్పాడు. ఇంజను మెత్తగా అందుకుంది. కళ్లు మూసుకున్నాడు. అంతా బాగానే ఉంది. బాగుందా, లేక తనకే వినిపించడం లేదా? దిగి బానెట్ ఎత్తి, ఎముక గుండానైనా వినపడుతుందేమోనని పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు ఆనించి, పిడిని కుడి చెవి కింద ఎముకకు అదిమిపెట్టాడు. అదురు తెలిసింది కానీ ధైర్యం మాత్రం రాలేదు.

బండిని రోడ్డు మీదికి తీసేటప్పుడు చెల్లెలు పక్కన కూర్చుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మేస్త్రి యాక్సిలరేటర్ నొక్కాడు.

"ఆ ఈలేంటన్నయ్యా?"

"ఏ ఈల?"

"అదిగో, సన్నగా వస్తోందిగా! వినపడట్లేదూ?"

"ఆ... వింటున్నాను," అన్నాడు మేస్త్రి. అని, నాలుక కరుచుకున్నాడు. పరాయివాళ్ల దగ్గర దాచినా దాచాడు గానీ, రేపు ఈ బండి నడిరోడ్డు మీద ఆగిపోతే, కుట్లు మానని మనిషితో చెల్లెలు ఏం చేస్తుంది?

బండిని రోడ్డు పక్కన ఆపాడు. స్టీరింగు మీంచి చూపు తిప్పకుండానే, "నాకు వినపడలేదమ్మా. ఏడాదిగా సన్న శబ్దాలు పట్టలేకపోతున్నాను," అన్నాడు.

ఆవిడ అన్నయ్య వైపు తిరిగి కూర్చుంది.

"చిన్నప్పుడు నేను వంటింట్లో డబ్బా మూత తీస్తే పెరట్లోంచి పట్టేసేవాడివి," అంది. "ఏడాదా? ఇంట్లో ఎవరికీ చెప్పకుండా? బుద్ధుందా నీకు?" కోప్పడుతూనే కళ్లు తుడుచుకుంది. "సరే, నేను వింటాను. ఏం వినాలో నువ్వు చెప్పు."

మళ్లీ అదే ఎత్తు ఎక్కారు.

"తొక్కగానే వస్తోందా, కాసేపాగి వస్తోందా?"

"తొక్కగానే. వదిలితే ఆగిపోతోంది."

"చక్రాల దగ్గరా, ముందు బానెట్లోనా?"

"బానెట్లో. సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టుంది."

ఇంజనుకు గాలి ఒత్తే టర్బో పోయి ఉంటే బేరం మాటే అనవసరం. గాలి గొట్టం చీలి ఉంటే మాత్రం చిన్న పని.

తిరిగొచ్చాక, గొట్టం విప్పి చూస్తానంటే అమ్మకందారు ససేమిరా అన్నాడు. "అయితే మా చెల్లెలు కొనదు," అనేసరికి దిగొచ్చాడు. మేస్త్రి గొట్టం ఊడదీసి టర్బో ఇరుసును రెండు వేళ్లతో పట్టుకుని కదిపాడు. కదల్లేదు. మళ్లీ కదిపాడు. గట్టిగానే ఉంది. రెండో గొట్టాన్ని ఒంపు దగ్గర వంచి చూస్తే లోపలి వైపు వేలెడు చీలిక కనపడింది.

"తీసుకోమంటావా మరి?" అంది చెల్లెలు.

ఇన్నేళ్లలో ఎప్పుడూ అనని మాట అన్నాడు మేస్త్రి. "నా ఒక్కడి మాట మీద వద్దు. ఇంకొకడికి చూపిద్దాం."

ఒకప్పుడు ఆయన చేతికింద పని నేర్చుకుని ఇప్పుడు సొంత షెడ్డు నడుపుతున్న శిష్యుడి దగ్గరికి బండి తీసుకెళ్లారు. శిష్యుడు దాన్ని పైకి లేపి, కింద అరగంట తిరిగి ఏదో చెప్పాడు.

"గట్టిగా చెప్పరా, నాకు చెవి సరిగా వినపడదు," అన్నాడు మేస్త్రి.

శిష్యుడు కళ్లప్పగించి చూశాడు. నవ్వలేదు. దగ్గరికొచ్చి, కుడి చెవి వైపు నిలబడి మళ్లీ చెప్పాడు. "వెనక ఇరుసు సీలు దగ్గర ఆయిలు చెమరుస్తోంది గురువుగారూ. మిగతావన్నీ మీరు చెప్పినట్టే ఉన్నాయి."

సీలు సంగతి మేస్త్రి చూడనేలేదు. ఆ పూటంతా అదే మనసులో ముల్లులా గుచ్చింది.

అమ్మకందారు గొట్టమూ సీలూ మార్పించాకే చెల్లెలు బండి తీసుకుంది. మొదటిరోజు బావగారు చేతికర్ర పక్కన పెట్టి, ఎవరి సాయమూ లేకుండా సీట్లోకి జరిగి కూర్చున్నాడు. మేస్త్రి మాత్రం రెండుసార్లు వంగి బండి కిందికి చూశాడు.

"ఇంక పైకి లే అన్నయ్యా," అంది చెల్లెలు తలుపు తెరిచి పట్టుకుని. "మీ బావని ఓ చుట్టు తిప్పి ఇంటి దగ్గర దింపేసి మనం చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పదకొండింటికి రమ్మన్నారు."

మేస్త్రి చేతులు తుడుచుకుని వెనక సీట్లో కూర్చున్నాడు.