తాడు కొట్టేస్తుండ్రు

2023 వేసవి. నా భార్య పోయిన మరుసటి ఏడాది. కొత్త సంబంధం చూస్తామనే బంధువులకు దొరక్కుండా, శామీర్‌పేట పొలాల వెంట తిరిగే పని అడిగి తీసుకున్నాను. తాటి, ఈత, కొబ్బరి చెట్ల డీఎన్‌ఏ చదివి ఏది దేనికి దగ్గరి చుట్టమో తేల్చడం మా ల్యాబు పని. కోసిన ఆకును సిలికా జెల్ సంచిలో వేస్తాం. ఆ గుళికలు తేమ పీల్చి డీఎన్‌ఏ పాడవకుండా చూస్తాయి. చెట్టు గుర్తుకోసం మొదలుకు తాడు కట్టి నంబరు బిళ్ల వేలాడదీస్తాను.

ఎక్కి ఆకు కోసిచ్చేది కల్లు గీసే యాదయ్య గౌడ్. ఈత, కొబ్బరి అన్నదమ్ములని ఆయన వాదన.

“మట్టలు సూడు సారూ, రెండూ దువ్వెన తీరుగుంటయి. తాటాకేమో ఇసనకర్ర. గది యాడి సుట్టం?”

మొదట కోసిన తాటాకు నుంచి డీఎన్‌ఏ సరిగా రాలేదు. ఆ చెట్టు పూతను, కాయను ముందే నమూనాలుగా దాచాం కనుక, ఆకు మళ్లీ దానిదే కావాలి. రేపో మాపో వెళ్దామనుకుంటుండగా యాదయ్య ఫోన్.

“సారూ, ప్లాట్లోళ్లు మన తాడు కొట్టేస్తుండ్రు. జల్దీ రా!”

“తాడే కదా, పోనివ్వండి. కొత్తది తెస్తాను.”



“కొత్త తాడా? యాడ దొరుకుతది?”

“అల్వాల్‌లో. నైలాన్‌ది. ఎండకీ వానకీ చెడదు.”

“నైలాన్ తాడుకు కల్లు పారుతదా సారూ?”

పొద్దున్నే తాగాడనుకున్నాను.

తాడు కొనుక్కుని వెళ్లేసరికి తాటిచెట్టు నేలమీద ఉంది. యాదయ్య దాని మీద కూర్చున్నాడు.

“మా బాపు గీసిన తాడు సారూ.”

మాది కోనసీమ. అక్కడ తాడంటే మోకు. ఇక్కడ తాటిచెట్టును కూడా తాడే అంటారని అప్పుడు తెలిసింది. ఆయన నా చేతిలోని చుట్టను చూశాడు.

“గిదేనా నువ్వు తెస్తనన్న తాడు? ఇగ నాటు.”

ఇద్దరం నవ్వాం. నేను నవ్వి చాలా రోజులైంది. ఆకు ఇంకా పచ్చిగానే ఉంది. ఎక్కే పని లేకుండా యాదయ్య కోసి, మట్టలను ఆ నైలాన్ తాడుతోనే స్కూటరుకు కట్టాడు.

ఈసారి డీఎన్‌ఏ వచ్చింది. ఈతకు కొబ్బరికన్నా తాటే దగ్గరి చుట్టం.

“మరి మొఖాలు కలుస్తలేవేంది?” అన్నాడు యాదయ్య.

“మీ తాడు, నా తాడు ఒకేలా వినబడ్డాయి. చుట్టాలయ్యాయా?”

ఆయన ఆలోచించాడు. “నిజమే. నీ తాడుకు కల్లు రాదు.”

అప్పటినుంచి, పోయిందని ఎవరైనా ఫోన్ చేస్తే ఏం పోయిందో ముందు అడుగుతున్నాను. కొత్తది తెస్తానని మాత్రం అనడం లేదు.