మేదరి వీధికి నేను చెప్పిన నీళ్లు

1983 ఎండాకాలం. ఖమ్మం జిల్లాలో, అడవి వైపు బస్సులు పోయే రోడ్డు మీద ఉన్న ఒక చిన్న మునిసిపాలిటీలో నాకు మైకు సెట్టు దుకాణం ఉండేది. ఊరి పేరు రాయను. ఇందులోని కొందరు ఇప్పటికీ కనిపిస్తే నమస్కారం పెడతారు. అది పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. అంతమాత్రాన వాళ్లన్న మాటలు మర్చిపోయానని కాదు.

మా పనిలో మూడు వస్తువులే ముఖ్యం. మాట్లాడే మైకు, ఆ మాటను పెద్దది చేసే యాంప్లిఫయర్, దాన్ని వీధిలోకి వదిలే హారన్. యాకూబ్ రిక్షా పైన హారన్ కట్టి, బ్యాటరీ కాళ్ల దగ్గర పెట్టుకుని ఊరంతా తిరిగేవాళ్లం. పెళ్లిళ్లకంటే మునిసిపాలిటీ ప్రకటనలే నాకు ఎక్కువ పని. పన్ను గడువు, పిల్లల టీకాలు, కుక్కల్ని పట్టే రోజు, అన్నీ నా గొంతుతోనే జనానికి తెలిసేవి. చివర 'ఇట్లు, మునిసిపల్ కమిషనర్' అని తప్పకుండా చదివేవాణ్ణి. ఆ ముక్క మాత్రం ఎవరూ ఎన్నడూ వినలేదు. వాళ్లకు చెప్పింది నర్సయ్య, అంతే.

ఆ మే నెలలో, మేదరి వీధి కొత్త నల్లాలో మర్నాడు తెల్లవారి నీళ్లు వస్తాయని చదవమన్నారు. చదివాను. మేదర్లు వెదురు చీల్చి తట్టలు, చాటలు అల్లేవాళ్లు. వెదురు బద్ద బాగా నానితేనే వంగుతుంది, ఎండితే పుటుక్కున విరుగుతుంది. తాగడానికీ, బద్దలు నానబెట్టడానికీ కూడా ఆడవాళ్లు దూరాన వాగు చెలమల నుంచి నీళ్లు మోసుకొచ్చేవారు. ఆ వీధిలో ఒక పద్ధతి ఉంది. పాత నీళ్ల మీద కొత్త నీళ్లు పొయ్యరు. నా ప్రకటన విని ఆ సాయంత్రమే కుండలు, గోలేలు ఖాళీ చేశారు. బిందెలు చింతపండుతో తోమారు. నల్లాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, తెల్లవారేసరికి కొబ్బరికాయతో కూర్చున్నారు.

నల్లా తిప్పితే చప్పుడు కూడా రాలేదు.

సంగతి తెలిసి, పొద్దెక్కాక యాకూబ్, నేను ఆ వీధికి పోయాం. అల్లికలో ఆ వీధికే పెద్దదైన మల్లవ్వ నన్ను చూడగానే లేచింది.

"అగో, వచ్చిండు నీళ్ల దేవుడు! ఏంది నర్సిగా, హారన్ల పోసుకొచ్చినవా నీళ్లు?"

"నాదేముంది పెద్దవ్వా, ఆఫీసోళ్లు రాసిచ్చింది చదివిన."

"ఆఫీసు మా వీధికి రాలే. నువ్వొచ్చినవ్. పారబోసుకున్న నీళ్లు నువ్వే తే."

దుకాణం ఉన్నవాణ్ణి, పిల్లలు గలవాణ్ణి, నలుగురిలో 'నర్సిగా' అంది. ఆ పిలుపు నాకింకా గుర్తుంది. ఆమె ముందు విరిగిపడిన బద్దలూ గుర్తున్నాయి. రిక్షాలో డ్రమ్ము పెట్టుకుని నీళ్లు తెచ్చి పోశాం. డ్రమ్ము దించుతుంటే కూడా "సగమే తెచ్చినవేందిరా" అంది.

అక్కడి నుంచి నేరుగా మునిసిపల్ ఆఫీసుకు వెళ్లి, నీళ్లెందుకు రాలేదని, ఆ నల్లాకు పెట్టిన ఖర్చు ఏమైందని అడిగాను. హెడ్ క్లర్కు తలెత్తకుండానే జవాబిచ్చాడు.

"నీకిచ్చేది కిరాయి నర్సయ్యా. చెప్పుమన్నది చెప్పు. కడమది నీకెందుకు?"

"గొంతు నాది సార్. ఆ పైసలు ఏడవొయినయో చెప్పినంకనే మీ పన్నుల క్యాంపు గురించి చెప్త."

"మైకోళ్లు చానమంది ఉన్నరు, పో."

మైకోళ్లు! ఇన్నేళ్లలో ఆ మాట అరగలేదు నాకు.

అన్నట్టే వైరా నుంచి వేరే మైకతన్ని తెప్పించారు. అతని సెట్టు నాదానికంటే కొత్తది, గొంతు కూడా బాగుంది, కాదనను. కానీ మా జనం గుమ్మాల్లో నిలబడి విని, "మన నర్సయ్య చెప్పలే గదా, చూద్దాం తీ" అనుకుని లోపలికి పోయారు. పన్నుల క్యాంపులో గుమాస్తాలు ఈగలు తోలుకున్నారు.

అప్పుడొచ్చాడు రాజారావు నా దుకాణానికి. మునిసిపాలిటీ ఏఈ, అంటే వీధి పనులు దగ్గరుండి చేయించే అసిస్టెంట్ ఇంజినీరు. కోస్తా నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన మనిషి.

"నర్సయ్య గారూ, మీరిలా అలిగి కూర్చుంటే ఎలాగండీ?"

"అలుగుడు కాదు సార్. ఆ వీధిల నా మొకం చెల్లుతలేదు. మీరే బండెక్కుండ్రి, మైకు మీకే ఇస్త. నీళ్లెందుకు రాలేదో మీ నోటితోనే చెప్పుండ్రి."

"నిజం చెబితే నన్నెక్కడికి పంపిస్తారో తెలుసాండీ?"

"అవ్, తెలుసు. ఇంకోసారి అబద్ధం చెప్తే మల్లవ్వ నన్ను ఏం చేస్తదో గూడ తెలుసు."

నవ్వాడు. నా వైర్ల చుట్ట తనే భుజాన వేసుకుని రిక్షా ఎక్కాడు.

వీధిలో దిగి, మైకు పట్టుకుని తిన్నగా హారన్ ముందుకు పోయాడు. కూ... అని అరిచింది. హారన్ లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి దూరితే అలా కూస్తుంది. ఫీడ్‌బ్యాక్ అంటాం.

"ఇంక మాట్లాడనే లేదు, గప్పుడే ఏడుస్తుండా ఈ సారు?" అంది మల్లవ్వ. వీధంతా నవ్వింది. ఆయనకు ఆ నవ్వుతోనే ధైర్యం వచ్చిందనుకుంటాను.

"అమ్మా, ఈ వీధి పేరున కొన్న పైపులు రైసుమిల్లు వీధికి వేశామండి. వేయమన్నది ఛైర్మన్ గారు. పని పూర్తయిందని సంతకం పెట్టింది నేను. ఆ సంతకం చూసే ఆఫీసులో నీళ్లొస్తాయని రాసిచ్చారు. ఇక్కడ నల్లా నిలబెట్టాం గానీ దాని కింద పైపు లేదు."

తిట్లు పడతాయని నేను హారన్ పక్కకు జరిగాను. మల్లవ్వ తిట్టలేదు.

"గీ మాట ముందే చెప్తే ఉన్న నీళ్లన్న మిగులు గద బిడ్డా."

"తప్పేనండీ."

"మరి పైపులు ఎప్పుడేస్తవ్?"

"కౌన్సిల్ ఒప్పుకోవాలండీ. సోమవారం మీటింగు. ఎవరైనా వచ్చి కూర్చుని వినొచ్చు."

ఆ చివరి మాట కూడా హారన్ లోంచే వెళ్లింది.

సోమవారం వీధి వీధంతా వచ్చి మీటింగు హాల్లో గోడ వారగా కూర్చుంది. వెంట బద్దలు తెచ్చుకుని అల్లడం మొదలుపెట్టారు. పని ఆపమన్నాడు ఛైర్మన్.

"ఆపితే బువ్వెవలు పెడ్తరు సారూ? మీరు మాట్లాడుండ్రి, మేం ఇంటం" అంది మల్లవ్వ.

నానని బద్దలాయె. ఉండుండి పుటుక్కుమని ఒకటి విరిగేది. విరిగినప్పుడల్లా ఛైర్మన్ చదువుతున్న కాగితంలోంచి తలెత్తేవాడు. పైపుల సంగతి ఆనాటి చర్చల్లో లేదని మొదట అన్నాడు. భోజనాల వేళ దాటినా గోడ వారన ఎవరూ లేవలేదు. చివరికి ఆయనే ఆ సంగతి ఎత్తి, మేదరి వీధికి పైపులు వేయడానికి అందరిచేత చేతులెత్తించాడు.

తొలకరి నాటికి నల్లాలో నీళ్లు పడ్డాయి. ఆ వెంటనే రాజారావును దూరానికి బదిలీ చేశారు. మల్లవ్వ బస్టాండుకు వచ్చి, ఎర్రంచు కట్టిన చాట ఒకటి ఆయన చేతిలో పెట్టి, "పెండ్లయినంక నీ పెండ్లానికియ్యి, గప్పటిదాంక నువ్వే చెరుగుకో" అంది. నాకు ఇంతవరకు ఒక చిన్న బుట్ట కూడా అల్లివ్వలేదు.

ఖర్చు చేసినవాడే వీధిలోకి వచ్చి చెబితే జనం తిట్టినా వింటారు. అద్దె గొంతుతో చెప్పిస్తే ఆ తిట్లు కూడా చేరాల్సినవాడికి చేరవు. నా పనిలో నేను నేర్చుకున్నది ఇదే. ఆ తర్వాత ఆఫీసు నుంచి ఎప్పుడు కాగితం వచ్చినా, బండెక్కేది ఏ సారు అని ముందు అడిగేవాణ్ణి. కొందరు నవ్వుకుంటూ ఎక్కేవారు. హెడ్ క్లర్కు కూడా ఒకసారి ఎక్కాడు, ఎండ పడే వైపు ఆయనకిచ్చాను. ఎవరూ రామంటే మాత్రం, ఆ పూట నా యాంప్లిఫయర్ రిపేరుకు పోయేది.