నాలుగో గడిలో నోట్లో బ్రష్

ఓ బోటు ముక్కు మీద 'గంగమ్మ' అని పేరు రాస్తున్నాను. 'గం' అయింది, 'గ' అయింది, 'మ్మ' మొదలెట్టేసరికి కడుపులో తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టింది. నిచ్చెన దిగి ఇసకలో చతికిలబడ్డాను. ఆ పేరు పూర్తి చెయ్యడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

కాకినాడ హార్బర్‌లో బోట్లకి రంగులేసి పేర్లు రాయడం నా పని. పద్నాలుగో ఏట అప్పారావు మేస్త్రిగారి దగ్గర చేరి నేర్చుకున్నాను. దాంతోపాటు నాకో పిచ్చి ఉంది. జెట్టీ దగ్గరున్న టీకొట్టు గోడకి వారానికోసారి సున్నం కొట్టి, ఆ వారం హార్బర్‌లో ఏం జరిగిందో గళ్లు కట్టి బొమ్మల్లో వేసేవాణ్ణి. ఇంజను ఆగి సముద్రంలో చిక్కుకున్నవాళ్లు, వేలంపాటలో కొట్టుకున్నవాళ్లు, అందరూ సొంత మొహాల్తోనే ఉండేవారు. పొట్ట ఎక్కువ వేశావని నా మీదకొచ్చినవాళ్లూ ఉన్నారు. "ఉన్నదే వేశానండీ" అనేవాణ్ణి. జరగనిది ఒక్క గడి కూడా వెయ్యలేదు.

కడుపునొప్పికి అందరూ గ్యాస్ అన్నారు. మా ఆవిడ సత్యవతి టీకొట్టు పునుగుల్ని తిట్టిపోసింది. నాలుగైదు రోజులకోసారి గానీ విరోచనం అయ్యేది కాదు. స్కాన్ తీశారు, నార్మల్. ఎండోస్కోపీ చేశారు, నార్మల్. హిమోగ్లోబిన్ తక్కువుందని ఐరన్ బిళ్లలిచ్చారు. ఒక డాక్టరుగారైతే "మీకేం లేదండీ, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నవాడికి ఏమీ లేదంటే ఒళ్లు మండిపోదూ?

ఓ పొద్దున్న టీ గ్లాసు ఎత్తబోతే జారి పగిలింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర వేలాడిపోయింది. ఎంత బిగబట్టినా పైకి లేవలేదు. నిజం చెప్తున్నా, కడుపునొప్పికి ఏడవనివాణ్ణి ఆ రోజు ఏడ్చాను. ఆ చెయ్యి లేకపోతే నేనెవణ్ణి?

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మగారు చెయ్యి చూసి "రిస్ట్ డ్రాప్" అన్నారు. "మీరు ఏం పని చేస్తారు?" అనడిగారు.

"పెయింటర్నండి."

"పొద్దున్నించి సాయంత్రం దాకా ఏమేం చేస్తారో వివరంగా చెప్పండి."

"రంగులేస్తానండి, పేర్లు రాస్తానండి, అంతేనండి."

ఆవిడ మళ్లీ అదే అడిగారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "చెప్పడం నావల్ల కాదండీ, కాగితం ఇవ్వండి, గీస్తాను" అన్నాను. ఎడంచేత్తో ఆరు గళ్లు కట్టాను. గీతలన్నీ వంకరే. మొదటి గడిలో పాత రంగు గోకడం. రెండోదాంట్లో రెడ్ లెడ్ అనే ఎర్రరంగు కలపడం. మూడోదాంట్లో చెక్కకి పూయడం. నాలుగోదాంట్లో పేరు రాయడం. మిగతా రెండిట్లో అన్నం, ఇల్లు.

ఆవిడ వేలు నాలుగో గడి మీద ఆగింది. "ఇదేంటి? బ్రష్ నోట్లో ఉందేంటి?"

"మొన తేలడానికండి. గుడ్డతో తుడిచి పెదాలతో ఇలా నొక్కితే సన్నగా వస్తుందండి. మా మేస్త్రిగారు నేర్పారు."

పాతికేళ్లుగా రోజుకి వందసార్లు చేసే పని. నోటితో చెప్పాలని తట్టనేలేదు, చెయ్యి మాత్రం ఉన్నది ఉన్నట్టు వేసేసింది.

ఆవిడ నా కింది పెదవి లాగి చూశారు. చిగుళ్ల వెంట నల్లటి నీలిగీత. "లెడ్ పాయిజనింగ్" అన్నారు. రక్తం బయట ల్యాబుకి పంపిస్తే అదే తేలింది. రంగులో ఉండే సీసం నా ఒంట్లో చేరింది.

"చెయ్యి వస్తుందాండీ?"

"నరం కదా, టైం పడుతుంది. మాటివ్వలేను."

ఒంట్లో సీసాన్ని బయటికి లాగే డి-పెనిసిలమిన్ క్యాప్సూల్స్ వాడారు. వాటితో నాలుక చచ్చిపోయి సత్యవతి పెట్టిన చేపల పులుసు కూడా గంజినీళ్లలా ఉండేది. మణికట్టు వేలాడకుండా స్ప్లింట్ పట్టీ, రోజూ ఫిజియోథెరపీ. ఐదో నెలలో మణికట్టు కాస్త లేచింది. ఆగలేక ఇంట్లో చెప్పకుండా పనికెళ్లాను. వారాలు తిరక్కుండా మళ్లీ నొప్పి. "మళ్లీ నోట్లో పెట్టారా?" అని డాక్టరమ్మగారు గట్టిగా అరిచారు. పెట్టినట్టు నాకే తెలీదు. అలవాటు అంత పాడుది. మళ్లీ మందులు, మళ్లీ స్ప్లింట్. ఆ తర్వాత పనికెళ్లేటప్పుడు సత్యవతే నా మూతికి తువ్వాలు కట్టి పంపేది.

రెండోసారి స్ప్లింట్ కట్టుకుని ఖాళీగా ఉన్న రోజుల్లోనే టీకొట్టు గోడ దగ్గరికెళ్లాను. ఎడంచేత్తో నా కథ మొత్తం వేశాను. నా మొహం, నా వేలాడే చెయ్యి, నా చిగుళ్లు. నాలుగో గడి అన్నిటికంటే పెద్దది, నోట్లో బ్రష్.

తెల్లారేసరికి గోడ తెల్లగా ఉంది. సున్నం కొట్టింది మా మేస్త్రిగారే. "ఒరేయ్, అన్నం పెట్టిన పనిని బజారున పెడతావా? నేర్పినవాణ్ణి నేనేగా, నేను విషం పెట్టాననా నీ బొమ్మ?" అని అందరిముందూ కేకలేశారు.

"మీకూ తెలీదు మేస్త్రిగారూ, నాకూ తెలీదు. ఇప్పుడు తెలిసింది. తెలిశాక వెయ్యకుండా ఎలా ఉంటాను? మీరు చెరపండి, నేను వేస్తాను" అన్నాను. ఆయనంటే నాకు భయమే. అయినా వేశాను. చెరిపారు. మళ్లీ వేశాను. ఈ మూడోసారి బొమ్మ ఇంకా పెద్దది.

మేస్త్రిగారు ఈసారి సున్నం బకెట్టుతో వచ్చి, చెరపకుండా నా చిగుళ్లు వేసిన గడి దగ్గరికెళ్లి చూశారు. బకెట్టు కింద పెట్టి నా దగ్గరికొచ్చి, ఎవరూ చూడకుండా కింది పెదవి వంచారు. "ఈ గీతేనేంట్రా?" అన్నారు.

అదే గీత. మర్నాడు నేనే ఆయన్ని డాక్టరమ్మగారి దగ్గరికి తీసుకెళ్లాను.

ఇప్పుడు నా చెయ్యి ముప్పాతిక వంతు వచ్చింది. సన్నటి అక్షరాలు రాయలేను, లావువి రాస్తాను. 'గంగమ్మ'లో సగం సన్నం, సగం లావు. ఓనరుగారు మొత్తం తిరగరాయమన్నారు, నేను ఒప్పుకోలేదు. నా కథ అదే కదండీ. హార్బర్‌లో ఎవరి బ్రష్షూ ఇప్పుడు పెదాలకి తగలదు. తగిలితే మేస్త్రిగారే కేకలేస్తారు.

మీకు చెప్పేది ఒక్కటే. డాక్టరు దగ్గరికెళ్లేముందు మీ చేతులు రోజంతా ఏం చేస్తాయో ఒక కాగితం మీద గళ్లు కట్టి గీసుకుని వెళ్లండి. బొమ్మలు రావంటారా? నేను గీసింది చచ్చుబడ్డ చెయ్యి పక్కన పెట్టుకుని, ఎడంచేత్తోనండి.