మూడు రోజుల ఆలస్యం

ఇరవై ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయడం అలవాటైపోయింది. ఆ అలవాటే ఇప్పుడు భయపెడుతోంది. మీరెవరో నాకు తెలియదు, కాబట్టి మీతో చెప్పగలను.

మా దీవుల దేశంలో, లౌటోకా పట్టణంలో నేను వకీలుని. అప్పన్న మామ తవువా దగ్గర చెరకు రైతు. చుట్టరికమేమీ లేదు. తాతల నాడు చెరకు కూలీలుగా ఇక్కడికొచ్చిన మాలో తెలుగు మాట్లాడే పెద్దవాళ్లు కొద్దిమందే, అందుకని మామా అనేవాణ్ణి. తండ్రి నాటి నుంచీ ఆయన సాగుచేస్తున్న భూమికి లీజు అయిపోయింది. పొడిగింపుకు హక్కుందని వాదించాను. కోర్టు కాదంది, ఇల్లూ పొలమూ ఖాళీ చెయ్యమంది. అప్పీలు చేద్దామన్నాను. గెలిచే వీలుందని నిజంగానే నమ్మాను.

ఆ నెలలోనే మా తెలుగు సంఘం కొత్త హాలు ప్రారంభం. కార్యదర్శిని నేనే. మామ చేత సంతకాలు పెట్టించిన అప్పీలు కాగితాలు సొరుగులో ఉండిపోయాయి. గడువును తీర్పు చెప్పిన రోజు నుంచి లెక్కపెట్టాలి. నేను తీర్పు నకలు చేతికొచ్చిన రోజు నుంచి లెక్కపెట్టుకున్నాను. తెలియకనా? తెలిసే, వీలుగా ఉన్న లెక్క వేసుకున్నానా? ఇన్నేళ్లకీ ఆ ఒక్కటీ తేల్చుకోలేకపోయాను.

కోర్టు ఆఫీసులో గుమస్తా కాగితాలు నా వైపు తోసి, గడువు దాటి మూడు రోజులైంది సార్ అంది. ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకోవచ్చు. కానీ తప్పు నాదేనని ప్రమాణం చేసి రాయాలి, మామకు చెప్పాలి, ఆయన మరో వకీలును వెతుక్కుంటే ఎందుకో నలుగురికీ తెలుస్తుంది. హాలు గోడ మీద నా పేరు చెక్కించి పది రోజులు కాలేదు. కాగితాలు సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

ఖాళీ చెయ్యమన్న నోటీసు అందాక మామ బస్సెక్కి వచ్చాడు. కానుకగా, దంచి నీళ్లలో కలుపుకుని తాగే యంగోనా వేర్ల కట్ట తెచ్చాడు.

"పెద్ద కోర్టు ఏమన్నాది బాబూ?"

"ఒప్పుకోలేదు మామా."

"మన కాగితం చదివినారా?"

"చదివారు."

"మొత్తం?"

"మొత్తం."

"అయితే సరే. మన మాట విన్నారు గదా. నువ్వు శానా కష్టపడినావు." వేర్ల కట్ట బల్ల మీదకు జరిపాడు. తీసుకున్నాను.

ఇంటి రేకులూ చెక్కలూ విప్పుకుని, పడవ మీద వేరే దీవికి, సావుసావు ఊళ్లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. అరవై దాటిన వయసులో అక్కడ కొబ్బరి ఎండబెట్టే పనికి కుదిరాడు. మళ్లీ చెరకు నాటలేదు. మా వకీలు మంచోడు అని చెప్పి ఇద్దరిని నా దగ్గరికి పంపాడు కూడా. నాలుగేళ్లకు పోయాడు. కర్మకాండకు వెళితే కూతురు నన్ను ముందు వరసలో కూర్చోబెట్టింది. వడ్డించింది తిన్నాను. ఆ రోజు చెప్పి ఉండొచ్చు. ఆమె ఇప్పటికీ అక్కడే ఉంది, ఇప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

అప్పీలు వేసినా ఓడిపోయేవాళ్లమేమో అన్న ఊహ వెనక చాలాకాలం దాక్కున్నాను. కానీ ఆ రోజు మామ గెలుపు సంగతి రెండోసారి అడగలేదు. చదివారా అని అడిగాడు.

ఎవరూ చదవలేదు. ఆ కాగితం ఏ జడ్జీ ముందుకూ పోలేదు. పోకుండా చేసింది నేను, పోయిందని చెప్పింది నేను. రాసేశాను. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. నాకు దక్కేది ఇంతే, ఇంతకు మించి అడిగే హక్కు లేదు.