తోడేలు గారు, పెంటయ్య గారు

ఈ రోజు దోహాలో, మా సైటులో, ఒక చారిత్రాత్మక సమావేశం జరిగింది. చరిత్రకారులెవరూ రాలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

హెల్మెట్ల మీద పేర్ల స్టిక్కర్లు టైపు కొట్టి అంటించే మహత్తర బాధ్యత నాది. జగిత్యాల మేస్త్రి పెంటయ్యన్న నన్ను పక్కకు పిలిచి, "తమ్మీ, నాది ప్రేమ్ అని కొట్టు. క్యాంప్‌ల మనోళ్లే నవ్వుతున్నరు" అన్నాడు.

పక్కనే చాయ్ తాగుతున్న సెర్బియా ఇంజనీరు సంగతేమిటని అడిగితే చెప్పాను. ఆయన పేరు వూక్. అంటే తోడేలు. పూర్వం వాళ్ళ దేశంలో పిల్లలు పుట్టి పుట్టి పోతుంటే, మంత్రగత్తెలు తింటున్నారని నమ్మి, తోడేలు జోలికి రారని ఆ పేరు పెట్టేవారట. ఆయన ముత్తాత అలాగే దక్కాడట. ఈయనది ఆ ముత్తాత పేరే.

అది నేను తెలుగులో చెప్పగానే పెంటయ్యన్న తన పేరు కథ ఎత్తుకున్నాడు.

"నాకంటె ముంగట ముగ్గురు పోయిన్రు తమ్మీ. నన్ను పెంటకుప్ప మీద పండవెట్టి మల్ల ఎత్తుకున్నదట మా అవ్వ. చెత్త అనుకొని సావు ముట్టదని."

అది నేను ఇంగ్లీషులో చెప్పగానే వూక్ లేచి, హెల్మెట్ తీసి, పెంటయ్యన్న చేయి పట్టుకున్నాడు.

"మా వాళ్ళు చావును బెదిరించారు. మీ అమ్మ దాన్ని బురిడీ కొట్టించింది. ఆమే గొప్పది."

పెంటయ్యన్న నా వైపు తిరిగాడు. "యల్లా తమ్మీ, ఇగ కానియ్యి, పెంటయ్య అనే కొట్టు. అక్షరాలు పెద్దగుండాలె."

నా పేరు న్యూమరాలజీ చూసి పెట్టారు. అది నన్ను సప్లిమెంటరీ పరీక్షల నుంచి కూడా కాపాడలేదు. మీ పేరు మిమ్మల్ని దేని నుంచి కాపాడిందో కామెంట్లలో చెప్పండి.