సరంగు డ్రెస్సు

పోయిన శనివారం నాటింగ్‌హామ్‌లో మా అమ్మాయి ఇంటికి ఓ పార్సిలు వచ్చింది. విప్పగానే కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. లోపల ముదురు నీలం ఉన్ని చొక్కా, వీపు మీద చదరంగా వేలాడే కాలరు, కాలరుకి మూడు తెల్ల చారలు, ఛాతీ మీద లంగరు బొమ్మ. చొక్కా అంచున బొత్తాలు, పొట్టి లాగు నడుం చుట్టూ కాజాలు. తొంభై ఏళ్ల కిందట అమెరికా పిల్లలకి తొడిగిన సరంగు డ్రెస్సు అది. పాత బట్టలు అమ్మేవాళ్ల దగ్గర ఏరికోరి కొన్నదట. "నీ చిన్నప్పటి ఫొటోలాగే దీనికీ తీయిద్దామమ్మా. రేపు బర్త్‌డేకి ఫొటోగ్రాఫర్‌ని బుక్ చేశాను," అంది మా అమ్మాయి. దీనికీ అంటే ఐదేళ్లు నిండుతున్న నా మనవరాలికి. సరే అన్నాను. ఆ ఫొటో అసలు సంగతి నేను అరవై ఐదేళ్లుగా ఎవరికీ చెప్పలేదు మరి.

మా ఇంట్లో దేవుడి పటాల కన్నా ఆ ఫొటోకే మర్యాద ఎక్కువ. కాకినాడలో మా పెద్దమ్మ మిషన్ ఆస్పత్రిలో నర్సు. అక్కడి అమెరికా డాక్టరమ్మ దేశం వెళ్లిపోతూ, తన తమ్ముడు చిన్నప్పుడు తొడుక్కున్న ఇలాంటి డ్రెస్సే పెద్దమ్మ చేతిలో పెట్టింది. మగపిల్లాడిది కదా అని ఒక్కరూ అనలేదు. అమెరికాదంటే చాలు మావాళ్లకి. మే నెల ఎండలో పెద్దవాళ్లు పల్చటి నేత బట్టల్లో కూడా ఉడికిపోతుంటే నాకు ఆ గొంగళి తగిలించారు. మా రేవులో అసలు సరంగులు గళ్ల లుంగీ, బనీనుతో హాయిగా తిరిగేవారు. ఆపాటి బుద్ధి మావాళ్లకి లేకపోయింది.

ఆ డ్రెస్సుకి నాడా ఉండదు, బెల్టు ఉండదు. చొక్కా బొత్తాలకి లాగుని చుట్టూ తగిలించుకోవాలి. నేను పుల్లలా ఉండేదాన్ని, ఫొటోలో లాగు జారితే పరువు పోతుందని పెద్దమ్మ భయం. సూదీ దారం తెచ్చి, నా ఒంటి మీదే రెండిటినీ కలిపి కుట్టేసింది. గాయాలు కుట్టి కుట్టి ఆరితేరిన చెయ్యి, ఇక ఊడుతుందా? స్టూడియోలో మా ముందు ఓ పెళ్లివారి గుంపు ఉంది. ఒంటికొస్తోందని పెద్దమ్మ కొంగు లాగాను. "కాసేపు ఓర్చుకో తల్లీ, విప్పితే మళ్లీ ఎవరు కుడతారు?" అంది. రెండోసారి లాగితే కళ్లురిమింది. చివరికి మా వంతు వచ్చింది, పెద్దమ్మ నన్ను తన పక్కన నిలబెట్టుకుంది. నల్లగుడ్డ లోంచి ఫొటోగ్రాఫరు కదలొద్దన్నాడు, నేను కదల్లేదు. వెచ్చగా కాళ్ల వెంబడి మేజోళ్లలోకి దిగిపోయింది. తడిసిన ఉన్ని కంపు, కలరా ఉండల కంపు, దాంతోపాటు నా కంపు. ఆనాడు నా ఒంటి మీద నాకే పుట్టిన రోత ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ముదురు నీలం కాబట్టి ఫొటోలో తడి తెలియలేదు. ఇంటికొచ్చి కుట్లు కత్తిరిస్తూ, "ఎవరితోనూ అనకు," అంది పెద్దమ్మ. పిల్ల ఎంత బుద్ధిగా నిలబడిందోనని చుట్టాలు ఏళ్ల తరబడి మెచ్చుకుంటూనే ఉన్నారు. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఆదివారం హాల్లో ఫొటోగ్రాఫరు లైట్లు పెట్టుకుంటున్నాడు. కాజాలు సాగిపోయి లాగు నిలవడం లేదని మా అమ్మాయి పిల్ల నడుం చుట్టూ పిన్నీసులు గుచ్చింది. "ఇట్స్ ఇచీ, మమ్మీ," అంటూ అది మెడ గోక్కుంటోంది. కాసేపటికి కాళ్లు మెలేసి, "ఐ నీడ్ ద లూ," అంది.

"వన్ మినిట్ కన్నా, విప్పితే మళ్లీ ఇవన్నీ ఎవరు పెడతారు?" అంది మా అమ్మాయి.

నాకు కలరా ఉండల వాసన మళ్లీ గొంతులోకి వచ్చింది. లేచి వెళ్లి పిన్నీసులు ఒక్కొక్కటే పీకేశాను. "ఆ ఫొటోలో నేను లాగులో పోసుకుని నిలబడ్డానే. నన్నూ ఇలాగే ఓర్చుకోమన్నారు," అన్నాను, ఫొటోగ్రాఫరు ఎదుటే. పాపం అతనికి తెలుగు రాదు. మా అమ్మాయి వంగి పిన్నీసులు ఏరడం మొదలుపెట్టింది. పిల్ల మాత్రం కళ్లింత చేసుకుని, "అమ్మమ్మా, డిడ్ యూ వీ ఇన్ ఇట్?" అంది.

"అవునే, పోసుకున్నాను. నువ్వు పరుగెత్తు."

అది లాగు పట్టుకుని పరుగెత్తింది. ఫొటోలు చివరికి పైజమాలో దిగింది, అన్నింట్లోనూ కదిలిపోయింది. పెద్దమ్మ పక్కన అరవై ఐదేళ్లుగా కదలకుండా నిలబడిన పిల్లని నేను బాత్రూముకి పంపగలిగింది ఆరోజే.